పొయ్యి దేవుడికి వైవా

దేవుణ్ణి నమ్మడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. దేవుడి మీద థీసిస్ రాయడానికి మాత్రం మూడు కాపీల్లో దరఖాస్తు, గైడు సంతకం, ఎథిక్స్ కమిటీ ఆమోదం కావాలి. మనిషికీ భగవంతుడికీ మధ్య అడ్డుగా ఉన్నది మాయ అని పెద్దలు పొరబడ్డారు. అది రీసెర్చ్ సెక్షన్.

ఈ సత్యం నాకు మా అక్క కూతురు మృణాళిని వల్ల తెలిసింది. మద్రాసు చింతాద్రిపేటలోని మా ఇంట్లో ఇంతవరకూ అందరూ బ్యాంకులోనో రైల్వేలోనో చేరి మర్యాదగా బతికారు. ఈ పిల్ల మాత్రం చైనా జనం కొలిచే పొయ్యి దేవుడి మీద పీహెచ్‌డీ చేస్తానంది. ఆయన కాగితం బొమ్మగా వంటింటి గోడమీద ఉంటాడు. ఏడాది పొడుగునా ఇంట్లోవాళ్ళ మాటలన్నీ విని, చివర్లో పైలోకానికి వెళ్ళి రిపోర్టు ఇస్తాడు. బయల్దేరే ముందు, చెడ్డమాట నోరు దాటకుండా ఆయన మూతికి జిగురు తీపి పూస్తారు. తర్వాత బొమ్మను కాల్చి సాగనంపుతారు. (ఆడిట్ పార్టీని సాగనంపిన అనుభవం ఉన్నవాళ్ళకు ఇందులో వింతేమీ కనబడదు, కాల్చడం తప్ప.)

పాత పుస్తకాలు దీన్ని లంచమనీ మూఢనమ్మకమనీ రాసి చేతులు దులుపుకున్నాయట. కొత్త పరిశోధకులు అలా కాదంటున్నారట. నమ్ముతారా లేదా అని అడగడం కాదు, ఏం చేస్తున్నారో చూడమంటున్నారట. మృణాళిని తన ప్రాణమంతా నాలుగో అధ్యాయంలో ఒక్క వాక్యం మీద పెట్టింది: ‘నమ్మకం లేకపోయినా జనం ఈ పని చేస్తారు.’

ముందు ఎథిక్స్ కమిటీ పట్టుకుంది. పరిశోధనకు లోనవుతున్న వ్యక్తి సమ్మతి పత్రం ఏదీ అంది. ఆయన దేవుడండీ అంటే, వేలిముద్రయినా పరవాలేదంది. ఆ వ్యక్తిని ఏటా కాలుస్తారని చదివాక కమిటీ మరింత గంభీరమై, అంబులెన్సు ఏర్పాటు ఉందా అని రాతపూర్వకంగా అడిగింది. గైడు డాక్టర్ గురుప్రసాద్ అనుభవశాలి. ‘సదరు వ్యక్తి ప్రతి సంవత్సరం స్వచ్ఛందంగా పైకి వెళ్ళి క్షేమంగా తిరిగి వచ్చుచున్నాడు’ అని జవాబు రాసి ఆమోదం సంపాదించాడు.

తర్వాత ఫీల్డ్‌వర్క్. చైనా వెళ్ళడానికి అనుమతి అడిగితే ఫైలు వెళ్ళింది గాని పిల్ల వెళ్ళలేదు. చివరికి పురసవాక్కంలో తరతరాలుగా పళ్ళు కట్టే ఒక చైనా డాక్టరుగారి దగ్గరికి వెళ్ళింది. పుట్టిందీ పెరిగిందీ ఆ వీధిలోనే, తమిళం మనకంటే బాగా మాట్లాడతాడు. తనకు నమ్మకమేమీ లేదనీ, అయినా ఏటా ఆ తీపి తనే కొనుక్కొస్తాననీ ఆయన చెప్పాడు. మృణాళిని ఎగిరి గంతేసింది. రీసెర్చ్ సెక్షన్ సూపరింటెండెంట్ కనకవల్లి మేడమ్ మాత్రం, సిటీ బస్సులో వెళ్ళొచ్చే చోటును ఫీల్డు అనడానికి నిబంధనలు లేవంది. లాడ్జి బిల్లయినా ఉండాలంది. ఆఖరికి, ఫీల్డ్‌వర్క్ సంగతి ఎగ్జామినరే తేలుస్తారని రాసి థీసిస్‌ను పైకి పంపింది.

ఇంతలో గడువు ముంచుకొచ్చింది. నెలాఖరులోగా వైవా కాకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. డిగ్రీ లేకపోతే కాలేజీలో గెస్ట్ లెక్చరర్ ఉద్యోగం కూడా ఊడుతుంది. ఎగ్జామినర్‌గా వస్తున్నది ప్రొఫెసర్ ఆనందన్. అడిగిన ప్రశ్నే మళ్ళీ అడిగి వైవాను వాయిదా వేయడంలో దిట్ట. పిల్ల అన్నం మానేసి గోడకేసి చూస్తూ కూర్చుంది.

మా అమ్మ అమ్మణి వంటింట్లోంచి వచ్చి మనవరాలి పక్కన కూర్చుంది.

“ఆ సామి మూతికి ఏందో పూస్తారంటివే, ఏంది అది?” అంది.

“జిగురుగా ఉండే తీపి, అవ్వా.”

“మన కమ్మర్‌కట్టు మాదిరా?”

“అదే మాదిరి దా.”

“సరి. నువ్వు పోయి అన్నం తిను.”

ప్రశ్నలకు ముందు ఎగ్జామినర్‌కు స్వీటు, కారం, కాఫీ ఇవ్వాలని యూనివర్సిటీ చట్టంలో ఎక్కడా లేదు. అందుకే అదొక్కటి తు.చ. తప్పకుండా అమలవుతుంది. వైవా రోజున స్టీలు డబ్బా మోసినవాణ్ణి నేనే. బెల్లం, కొబ్బరి పాకం పట్టి గట్టిగా చుట్టాల్సిన కమ్మర్‌కట్టు ఉండలను మా అమ్మ పాకం ముదరకముందే దించి నిమ్మకాయంత చేసింది. వాటిని చూడగానే ప్రొఫెసర్‌గారికి బడి ముందు కొట్టు గుర్తొచ్చింది. ఒకటి నిండుగా నోట్లో వేసుకుని, నాలుగో అధ్యాయం తెరిచి, కళ్ళజోడు సవరించుకుని, ప్రశ్న అడగబోయారు.

నోరు తెరుచుకోలేదు. పై వరస కట్టుడు పళ్ళు, కింది వరస కట్టుడు పళ్ళు ఏకమయ్యాయి. ఆయన పరువుగల మనిషి, సభలో నోట్లో వేలు పెట్టుకోలేరు. తల ఊపారు.

“ప్రశ్నలేమీ లేవంటారా సార్?” అని గురుప్రసాద్ వినయంగా అడిగాడు.

ఆయన తల అడ్డంగా ఊపారు, నిలువుగా ఊపారు, చివరికి గుండ్రంగా ఊపారు. మూడింటినీ గురుప్రసాద్ అంగీకారం కిందే తీసుకున్నాడు. అభ్యర్థిని అన్ని ప్రశ్నలకూ సంతృప్తికరంగా సమాధానమిచ్చినట్టు మినిట్స్‌లో నమోదైంది. సభ చప్పట్లు కొట్టింది. ఆయన సంతకం పెట్టి ఆటో వైపు పరిగెత్తారు.

ఆ ఆటోలో నేనూ ఎక్కి, తెలిసిన పళ్ళ డాక్టరు ఒక్కరే కాబట్టి పురసవాక్కం తీసుకెళ్ళాను. ఆయన వేడినీళ్ళతో పళ్ళు విడదీసి, చేతికంటిన పాకం వాసన చూసి నావైపు తిరిగాడు. “ఈ ఏడు మీరు ఎవర్ని పైకి పంపిస్తున్నారు?” అని తమిళంలో అడిగాడు.

వారంలో ప్రొఫెసర్‌గారి రిపోర్టు వచ్చింది. డిగ్రీకి సిఫారసు, ఒక్క సవరణతో. నాలుగో అధ్యాయంలో ‘నమ్మకం లేకపోయినా జనం ఈ పని చేస్తారు’ అన్న వాక్యానికి ఆధారం లేదు, తొలగించవలెను.

ఆ వాక్యం కోసమే ఇన్నేళ్ళు కష్టపడ్డానని మృణాళిని ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని దాన్ని కొట్టేసి, డాక్టర్ మృణాళిని అయింది.

మొన్న ప్రొఫెసర్ ఆనందన్‌గారు నాకు ఫోన్ చేశారు. వచ్చే నెల ఆయనకు వైస్ ఛాన్సలర్ పదవికి ఇంటర్వ్యూ ఉందట. కమిటీ వాళ్ళందరికీ సరిపడా ఆ ఉండలు కావాలన్నారు. పాకం ముదరనివ్వద్దని అమ్మకు ప్రత్యేకంగా చెప్పమన్నారు. తనకు ఇలాంటి వాటిలో నమ్మకం లేదని కూడా చెప్పమన్నారు.