ఐదేళ్ల ప్లమ్ కేకు

ఆ ఉదయం రెబెకా అనుకున్న పని చిన్నదే. ఇంట్లో చేసిన క్రిస్మస్ ప్లమ్ కేకులకు లేబుళ్లు అంటించి, మడికొండలోని ఒక ఐటీ ఆఫీసుకు పంపాలి. తయారీ తేదీ కంప్యూటరే వేసుకుంటుంది కనుక ఆమె లేబుల్ వంక చూడనే లేదు.

ఆ కంప్యూటర్‌లోనే అత్తగారు ఏసమ్మ చేపల ఆట ఆడుతుంది. ఆట తెరిస్తే పైన మొదటి పేరు ఏసమ్మ భర్త సుందర్ రావుది. మనిషి పోయినా స్కోరు మిగిలింది. అయితే ఆటను నడిపే ప్లగిన్‌కు కాలం చెల్లింది. 2021 వచ్చాక పనిచేయకుండా, దాన్ని తయారుచేసినవాళ్లే తాళం వేశారు. తల్లి దిగులు ముఖం చూడలేక, ముందురోజు రెబెకా భర్త సందీప్ కంప్యూటర్ తేదీని 2020కి జరిపాడు. ఆట నడిచింది. తేదీని తిరిగి మార్చడం మరిచాడు.

మధ్యాహ్నం ఆఫీసు మేనేజర్ భాస్కర్ ఫోన్ చేశాడు.

"మేడమ్, కేకు మీద 2020 అని ఉన్నదేంది?"

తప్పు తనదని తెలిసిన సందీప్ రెబెకా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. "ప్లమ్ కేకు గద సార్! ఎంత పాతదైతే అంత రుచి."

"అట్లనా! ఇంకో ఇరవై పంపుండ్రి. పెద్దసార్లకు ఐదేళ్ల కేకని చెప్త."

రెబెకాకు అబద్ధం మింగుడుపడలేదు. గంట ఆగి తనే ఫోన్ చేసింది. "సార్, అవి నిన్న చేసినయే."

"నిన్నటియా? పెద్దసార్లకు చెప్పేసిన, నా ఇజ్జత్ పోయింది మేడమ్! అన్నీ వాపస్ తీస్కపోండ్రి."

కేకులు ఆటోలో తిరిగొచ్చాయి. రెబెకా కోపం ఆపుకోలేకపోయింది. "ఇప్పుడే ఆ కంప్యూటర్ డబ్బా ఫార్మాట్ చెయ్యి," అని మొగుడి మీద అరిచి, స్విచ్ తీయడానికి తనే గదిలోకి వెళ్లింది.

ఏసమ్మ ఆడుతోంది. ఇంకొక్క చేప పడితే ఆమెదే మొదటి స్థానం. చేప ఎదురుగా వచ్చింది. ఏసమ్మ మౌస్ మీంచి చెయ్యి తీసేసింది.

"గదేంది అత్తమ్మా? జర నొక్కితే ఫస్టు నువ్వే గద!"

"నేను ఫస్టొస్తే మీ మామ పేరు కిందికి పోతది బిడ్డా."

రెబెకా చెయ్యి స్విచ్ దాకా పోలేదు. కాసేపు అత్తగారి పక్కనే కూర్చుంది.

మరునాటి నుంచి లేబుళ్లు చేత్తోనే రాసుకుంటోంది. కంప్యూటర్ 2020లోనే ఉండిపోయింది. వాపసొచ్చిన కేకులు చర్చిలో పంచారు. తాజావే అయినా బాగున్నాయని అందరూ మెచ్చుకున్నారు.