దొంగ కంటే ముందు

ఇకమీదట మా ఊళ్ళో నేరం జరిగాక పోలీసులు రారని కమిషనర్‌గారు ప్రకటించగానే టౌన్‌హాలు చప్పట్లతో దద్దరిల్లిపోయింది.

"ఇదివరకు మాత్రం వచ్చేవాళ్ళేంటి?" అని నా పక్కన నిలబడ్డ సెలూన్ ఆయన గొణిగాడు. దూరదృష్టి లేని మనిషి. నేను అతన్ని మోచేత్తో పొడిచి, కెమెరా సరిచేసుకున్నాను. పోలీస్ స్టేషన్‌కి ఎదురుగా నాకో ఫొటో స్టూడియో ఉంది. శాఖవారి శుభకార్యాలన్నిటికీ నన్నే పిలుస్తారు.

కమిషనర్‌గారు ప్రోయాక్టివ్ పోలీస్ మేనేజ్‌మెంట్‌ని అధ్యయనం చేయడానికి విదేశాలు వెళ్ళి, కొంచెం ఒళ్ళుచేసి, అప్పుడే తిరిగొచ్చారు. "నేరం తర్వాత రావడం రియాక్టివ్. అది పాత పద్ధతి. నేరం కంటే ముందే వెళ్ళడం ప్రోయాక్టివ్. దొంగ నిద్రలేచేసరికి మనం అక్కడుండాలి!" అన్నారు. వెనక నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ ఒక్క మాటా పొల్లుపోకుండా వింటున్నాడు. ఈ ఇన్‌స్పెక్టర్ చాలా నిజాయితీపరుడు. పైవాళ్ళు చెప్పింది చెప్పినట్టు నమ్మే మనిషిని శాఖలో నేను ఇతన్నొక్కణ్ణే చూశాను.

ఆ వారంలోనే కిరాణా కొట్టు ఆయన కొట్లో దొంగలు పడ్డారు. ఆయన లబోదిబోమంటూ స్టేషన్‌కి పరిగెత్తాడు.

"ఎప్పుడు జరిగింది?" అని అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"రాత్రండీ."

"అయ్యో, అయిపోయిందా! ముందు చెప్పొద్దూ?"

"ముందు నాకెలా తెలుస్తుందండీ? దొంగ చెప్పి వస్తాడా?"

"అదే మన సమస్య. సమాజం నుంచి సహకారం లేదు," అని ఇన్‌స్పెక్టర్ నిజంగానే బాధపడ్డాడు. కుర్చీ వేయించి, మంచినీళ్ళిప్పించి, భవిష్యత్తులో మళ్ళీ దొంగతనం జరిగేటట్టుంటే తప్పకుండా రమ్మని చెప్పి పంపించాడు. పూర్వం ఇంత మర్యాద ఉండేది కాదు.

తర్వాత వంతు మా అక్కది. నా స్టూడియో పక్క గదిలో అక్క కుట్టుమిషను పెట్టుకుని బతుకుతోంది. బావ పోయాక ఆ మిషనే ఆమెకి దిక్కు. అప్పుడే పెద్దాసుపత్రి నర్సుల యూనిఫారాల ఆర్డరు దొరికింది. ఆ సంబరంలో గది గుమ్మం దాకా తెల్లగుడ్డ పరిచి కత్తిరిస్తోంది. ఇన్‌స్పెక్టర్ ఇద్దరు కానిస్టేబుళ్ళతో వచ్చి చెప్పులు విప్పి లోపలికి తొంగిచూశాడు.

"అమ్మా, మీ మిషను పోబోతోంది."

అక్క కత్తెర కింద పెట్టింది. "ఎక్కడికండీ?"

"దొంగతనం జరగబోతోంది. తలుపు పాతది. గొళ్ళెం వదులు. మిషను కొత్తది. మా స్టడీ ప్రకారం ఇది హై రిస్క్."

"అయితే ఓ కానిస్టేబుల్ని కాపలా పెట్టండి బాబూ, పుణ్యముంటుంది."

"ఎన్ని కొట్లకని పెడతామమ్మా? అంత స్టాఫెక్కడుంది? అందుకే కమిషనర్‌గారు మూలానికే వెళ్ళారు. దొంగతనానికి మూలమేంటి?"

"దొంగ."

"కాదమ్మా, వస్తువు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ ఓపిగ్గా. "వస్తువుంటేనే కదా దొంగొచ్చేది? దొంగ వచ్చేలోపు మనమే తీసుకెళ్ళిపోతే వాడికింకేం మిగులుతుంది చెప్పండి?"

అక్క నా వంక చూసింది. నేను కమిషనర్‌గారి మేధస్సుకి నివ్వెరపోయి నిలబడ్డాను. ఈలోగా కానిస్టేబుళ్ళు మిషనెత్తి జీపులో పెట్టేశారు. జీపు వెనక అక్క వీధి చివరిదాకా నడిచింది. నన్ను మాత్రం ఫొటో తీయమన్నారు. నా కెమెరాకీ రిస్కుందని పొడుగు కానిస్టేబుల్ గుర్తుచేశాడు కానీ, శాఖ అవసరాల దృష్ట్యా దాన్ని మినహాయించారు. నేను నమస్కారం పెట్టాను. ఇప్పుడు తల్చుకుంటే కొంచెం గట్టిగానే పెట్టాననిపిస్తుంది.

అక్కణ్ణుంచి పథకం ఊపందుకుంది. సైకిల్ షాపులో సైకిళ్ళు, కిరాణా కొట్లో దొంగలు వదిలేసిన తక్కెడ, హోటల్లో గిన్నెలు, సెలూన్లో కుర్చీ, అద్దం, అన్నీ వెళ్ళిపోయాయి. సెలూన్ ఆయన కస్టమర్లని మెట్టు మీద కూర్చోబెట్టి, దువ్వెన మొల్లో దాచుకుని క్రాఫు చేసేవాడు.

"ఎలా కుదిరిందో చూసుకుందామంటే అద్దం లేదే," అన్నాను ఒకరోజు.

"నేను చూశాగా. బాగుంది," అన్నాడు.

అన్నిటినీ స్టేషన్ వెనక భద్రతా గోడౌన్‌లో పెట్టి, తాళంచెవి కమిషనర్‌గారే స్వయంగా తన దగ్గర ఉంచుకున్నారు. అంత పెద్ద అధికారికి ఆ శ్రమెందుకు? ప్రజల సొత్తంటే అంత ప్రేమ!

నెల తిరిగేసరికి ఊళ్ళో దొంగతనాలు ఆగిపోయాయి. పత్రికలు "జీరో క్రైం" అని మొదటి పేజీలో వేశాయి. ఫొటోలు నావే.

అక్క మాత్రం పత్రికలు చదవదు. చేత్తోనే యూనిఫారాలు కుడుతూ కూర్చుంది. వేళ్ళకి గుడ్డపీలికలు చుట్టుకుని కుట్టినా పని సాగలేదు. చివరికి నన్ను లాక్కుని స్టేషన్‌కి వెళ్ళింది.

"నా మిషను ఇప్పించండి బాబూ."

"ఇస్తే ఏం చేస్తారమ్మా?"

"కుట్టుకుంటాను."

"ఎక్కడ?"

"నా కొట్లో."

"అంటే దొంగ కంటబడే చోట పెడతారన్నమాట. అది నేరాన్ని ప్రోత్సహించడం కిందకొస్తుంది. మీలాంటి మంచివాళ్ళ మీద కేసు పెట్టాలంటే నాకు చేతులు రావు."

"పోనీ, ఒక్కసారి చూసుకోనివ్వండి. నూనె వేసి వచ్చేస్తాను. తుప్పు పడుతుంది."

"చూస్తే కావాలనిపిస్తుందమ్మా. నేరం మొదలయ్యేది అక్కడే."

వారం గడిచాక ఆసుపత్రివాళ్ళు ఆర్డరు ఇంకొకరికిచ్చేశారు. కత్తిరించిన గుడ్డని అక్క మడతపెట్టి చాపకింద పెట్టి, దాని మీదే పడుకుంది. భోజనానికి పిలిస్తే ఆకల్లేదంది. "ఊళ్ళో ఒక్క దొంగతనమైనా లేదక్కా," అని ఓదార్చబోయాను. "నువ్వెళ్ళి ఫొటోలు తీసుకోరా," అంది గోడవైపు తిరిగి.

ఇలాంటి విజయాలు ప్రభుత్వం దృష్టికి రాకుండా ఉండవు. మంత్రిగారే స్వయంగా వచ్చారు. టౌన్‌హాల్లో సన్మానం. బ్యాండు, దండలు, ప్రజలు. ప్రజలకి కొట్లల్లో పనేం లేదు కాబట్టి హాలు కిక్కిరిసిపోయింది. అక్క కూడా వచ్చి ముందు వరసలో కూర్చుంది.

"ఈ కమిషనర్ మన జాతికే ఒక మోడల్," అని మంత్రిగారు బంగారు పతకం ఆయన ఛాతీకి గుచ్చారు. నేను ఫ్లాష్ కొట్టాను. కమిషనర్‌గారి కళ్ళు చెమర్చాయి.

అప్పుడు ఇన్‌స్పెక్టర్ వేదిక ఎక్కి సెల్యూట్ చేశాడు.

"క్షమించాలి సార్. హాల్లో గుంపు ఎక్కువ. పతకం బంగారం. హై రిస్క్. ముందస్తుగా స్వాధీనం చేసుకుంటున్నాను," అంటూ పిన్ను ఊడదీశాడు.

మంత్రిగారు పొట్ట పట్టుకుని నవ్వారు. "చూశారా, క్రమశిక్షణంటే ఇదీ! పై అధికారని కూడా చూడలేదు. ఇదిగోవయ్యా, నా వాచీ కూడా పట్టుకెళ్ళు. నేను మాత్రం పౌరుణ్ణి కాదా?" అని వాచీ విప్పి ఇన్‌స్పెక్టర్ చేతిలో పెట్టారు. హాలంతా ఈలలు. "ఇంతకీ ఎక్కడ పెడతావు వీటిని?"

"మన భద్రతా గోడౌన్‌లో సార్. కమిషనర్‌గారు తాళంచెవిస్తే ఇప్పుడే వెళ్ళి—"

కమిషనర్‌గారు అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"అక్కడొద్దయ్యా," అన్నారు చాలా మెల్లిగా.

మైకు ఆయన మూతి దగ్గరే ఉంది. ఆ మాట హాలు చివర నిలబడ్డవాళ్ళకి కూడా స్పష్టంగా వినబడింది.

ఈలలు ఆగిపోయాయి. ముందు వరసలోంచి అక్క లేచి నిలబడింది. చేతివేళ్ళకి ఇంకా పీలికలు చుట్టే ఉన్నాయి.

"ఎందుకండీ, అక్కడొద్దు?"

కమిషనర్‌గారు మంచినీళ్ళ గ్లాసందుకుని, తాగడం మొదలుపెట్టి, ఎంతసేపటికీ దించలేదు. సెలూన్ ఆయన లేచాడు. కిరాణా కొట్టు ఆయన లేచాడు. వాళ్ళ వెనక వరసలు లేచాయి. ఇన్‌స్పెక్టర్ ఒక చేతిలో పతకం, ఒక చేతిలో వాచీ పట్టుకుని, తర్వాతి ఆర్డరు కోసం కమిషనర్‌గారి వంకే చూస్తున్నాడు.

మంత్రిగారు నవ్వు ఆపి, ఇన్‌స్పెక్టర్ చేతిలోంచి వాచీ తీసుకుని మణికట్టుకి పెట్టుకున్నారు. రెండుసార్లు లాగి చూసుకున్నారు. తర్వాత బ్యాండువాళ్ళకి సైగ చేశారు.

వాళ్ళు చాలా గట్టిగా వాయించారు.