బుల్లమ్మ గట్టు

సోమవారం తెల్లవారుతూనే బుల్లమ్మ తలగుడ్డ చుట్టి, గంప పట్టుకుని మెట్ట మీదకి బయలుదేరింది. సాయంత్రానికి గట్టు పూర్తయితే గురువారం కొత్త ఇంటికి ద్వారబంధం నిలబెట్టుకోవచ్చు. మొగుడు ఎర్రన్న పార భుజాన వేసుకుని వెనకాలే నడిచాడు.

అది భోగాపురానికి ఎగువనున్న చిన్న పల్లె. కిందటి ఏడు, అంటే అరవై ఏడులో, ఎవరో ఇంటికోసం మెట్ట చదును చేసి వదిలేస్తే, వానలకి ఆ మట్టంతా కరిగి దిగువ వీధి నూతుల్లోకి చేరింది. నెల్లాళ్లు ఊరంతా ఎర్రనీళ్లు తాగారు. అప్పుడు పంచాయతీవారు ఒక కట్టడి పెట్టారు. మెట్ట తవ్వి ఇల్లు కట్టేవారు ముందుగా దిగువ వైపు నడుమెత్తు గట్టు వేయాలి, వాననీటిని గెడ్డలోకి, అంటే ఊరి వాగులోకి మళ్లించాలి. గ్రామసేవకుడు నారాయణమూర్తి వచ్చి చూసి సరేనంటేనే ద్వారబంధం. లేదంటే వానలు వెళ్లేదాకా ఆగాల్సిందే.

బుల్లమ్మకి ఆగే ఓపిక లేదు. పెళ్లయిన దగ్గరనుంచీ బావగారి పంచలోనే కాపురం. తోటికోడలు జగ్గమ్మ వంట ముగించి పొయ్యి ఖాళీ చేస్తేనే ఆమె కుండ ఎక్కేది.

"ఎవులూ తొంగి సూడకుండా ఒక్క పూట వండుకు తినాల మావా. ఆపైన సచ్చిపోయినా పర్లేదు" అనేది ఎర్రన్నతో.

"తిన్నాక సత్తావా, తినకముందా? దాన్నిబట్టి గట్టేద్దుము" అనేవాడు అతను.

రాళ్లు ఏరి, మట్టి జల్లించి, చక్కటి గట్టు వేశారు. మంగళవారం పొద్దున్న చూస్తే సగం లేదు. తిట్టుకుంటూ మళ్లీ వేశారు. బుధవారం చూస్తే ఉన్నదానికంటే పోయిందే ఎక్కువ.

బుల్లమ్మ అనుమానం దిగువ ఇంటి అసిరమ్మ మీదకి పోయింది. ఎర్రనీళ్లు మొదట వచ్చింది ఆమె నూతిలోకే. పంచాయతీ అరుగు మీద కూర్చుని ఆ కట్టడి పెట్టించిందీ ఆమే.

"ఏటత్తా, మా గట్టు తవ్వీసినావా?" అంటూ వీధిలోనే నిలబడి అరిచింది.

అసిరమ్మ ఎర్రమట్టి చేతులతో బయటికి వచ్చింది. "అది గట్టా? నానొక్క గంపే తెచ్చుకున్నానే, గోడలకి. నీ తోటికోడలు రెండు తెచ్చుకున్నాది, దాన్నడుగు!"

బుల్లమ్మ అప్పుడు వీధంతా చూసింది. ఏ ఇంటి గోడ చూసినా తడితడిగా, ఎర్రగా మెరుస్తోంది. వచ్చే వారమే అమ్మవారి సంబరం. ఏటా ఆడవాళ్లు ఎండలో కొండవార దాకా నడిచి ఎర్రమట్టి తెచ్చి గోడలు పూసేవారు. ఈ ఏడు ఎవరో పుణ్యాత్ములు రాయీరప్పా లేకుండా జల్లించి, ఊరి పక్కనే పోగేసి పెట్టారనుకున్నారు.

జగ్గమ్మ మాత్రం నొచ్చుకుంది. "నీదని తెలిస్తే ఇంకో గంప తెద్దునే. మనదే గదా!"

ఆ సాయంత్రం గట్టు మూడోసారి లేచింది. ఈసారి బుల్లమ్మ దాని మీద ఒక రాయి పెట్టి, పసుపు పూసి, కుంకుమబొట్టు పెట్టి, పక్కన వేపమండ గుచ్చింది. ఇక ఎవరూ గంప పట్టుకుని దగ్గరకి రారు.

ఎర్రన్న పార కింద పడేశాడు. "ఒసే, అమ్మతోనా పరాసికాలు?"

"పరాసికమేటి? ఒక్క రేతిరి కాపలా కాయమన్నాను. ఆడకూతురికి ఆమాత్రం సాయం సెయ్యదా?"

గురువారం పొద్దున్న ద్వారబంధం మోసుకుని మెట్ట ఎక్కేసరికి డప్పులు వినిపించాయి. ఊళ్లో ఆడవాళ్లందరూ వరసగా వస్తున్నారు. అందరి నెత్తిమీదా ముర్రాటలు, అంటే అమ్మవారికి పోసే పసుపునీళ్ల కుండలు. వరసకి ముందు అసిరమ్మ ఉంది.

"మెట్ట మీద అమ్మ యెలిసినాది!" అని ఆమె కేక పెట్టింది. తనకి ముందే కల వచ్చిందని జగ్గమ్మ అందరికీ చెబుతోంది.

ఎర్రన్న నోరు తెరవబోయాడు. బుల్లమ్మ గిల్లింది. "ఇప్పుడు సెప్పినావంటే నిన్ను గట్టులో ఏసి తొక్కెత్తారు."

ఒక్కొక్కరే భక్తిగా నీళ్లు పోశారు. కొత్త మట్టి మొదటి కుండలు తాగింది. తరవాత మెత్తబడింది. తరవాత జారింది. చివరికి పసుపూ ఎరుపూ కలిసిన బురద, వేపాకులతో సహా, నేరుగా అసిరమ్మ వాకిట్లోకి నడిచింది. సరిగ్గా అప్పుడే అటునుంచి సైకిలు మీద వస్తున్న నారాయణమూర్తి, తెల్లని పొందూరు ఖద్దరుతో జారి అందులో కూర్చున్నాడు.

లేచి, "ఈ గట్టు ఎవరిది?" అన్నాడు.

"అమ్మది బాబూ" అన్నారు అందరూ.

"అయితే ఆవిడ్ని పిలవండి!"

అమ్మ వెలిసిందని ఆడవాళ్లు చెప్పాక ఆయన చెంపలు వేసుకుని, బురదచేతుల్ని చూసుకున్నాడు. అయినా కట్టడి కట్టడే. "కుండలకే ఆగని గట్టు వానకి ఆగుతుందా? ద్వారబంధం దించండి. వానలయ్యాక చూద్దాం."

బుల్లమ్మ ద్వారబంధం పట్టుకుని అలాగే చతికిలబడింది.

అసిరమ్మ తన వాకిటి బురద తొక్కుకుంటూ వచ్చింది. "బురద నా ఇంట్లోకొచ్చినాది. అరవాల్సింది నాను, అరవను. అమ్మ నిలబడ్డానికి ఏటి గావాలో సెప్పండి బాబూ."

"రాయి కావాలి. నడుమెత్తు రాతికట్టు."

ఆ పూట ఊళ్లో ఎవరూ పొయ్యి వెలిగించలేదు. ఆడవాళ్లు కొండవార నుంచి రాళ్లు మోశారు, మగవాళ్లు పేర్చారు, పిల్లలు సందుల్లో గులకరాళ్లు కూరారు. తడిమట్టి వాసన, పసుపు వాసన, డప్పుల మోత. పొద్దు వాలేవేళకి కట్టు నడుమెత్తు లేచింది. నారాయణమూర్తి దానిమీద ఎక్కి గెంతి చూసి సరేనన్నాక, అసిరమ్మ పసుపురాయిని మళ్లీ కట్టు మీద నిలిపింది. ముహూర్తం దాటిపోయినా ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఊరంతా పట్టి ద్వారబంధం నిలబెట్టారు.

ఆ రోజులు పోయాయి, రాళ్లు మోసినవాళ్లలో చాలామంది పోయారు. కట్టు మాత్రం ఉంది. దాన్ని దాటి పిడికెడు మట్టి కూడా దిగువకి పోలేదు. ప్రతి గురువారం అమ్మకి ముర్రాటలు పోసి, ఆడవాళ్లందరూ ఎదురుగా ఉన్న బుల్లమ్మ గుమ్మంలో చేరి, మజ్జిగ అడిగి, కుండ మూత తీసి చూసి వెళ్లేవారు.

బుల్లమ్మ వేరు కాపురం పెట్టింది. అందులో ఊరంతా ఉండేది.