కుళాయి సన్యాసయ్య వల్ల నీటికి కలిగిన ముప్పు

చేసిన తప్పుకు మనిషిని శిక్షించడం మోటు పద్ధతి. చేయబోయే తప్పును ముందే ఊహించి లోపల వేయడం నాగరికత. ఆ నాగరికత రాయగడ, కోరాపుట్‌ల మధ్యనున్న మా చిన్న ఊరికి 1974 ఏప్రిల్‌లో చేరింది.

మా నీళ్ళ ట్యాంకు దగ్గర సన్యాసయ్య పద్నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాడు. ఏ వీధికి ఏ వాల్వు ఎంత తిప్పాలో అతని చేతికొక్కదానికే తెలుసు (నీళ్ళ కార్యాలయంలోని పైపుల పటాన్ని చెదలు తినేశాయి). ట్యాంకు నిచ్చెనకు మూడు మెట్లు ఊడిపోయాయని రెండేళ్ళు అర్జీలు పెట్టాడు. నాలుగోది అతని కాలి కిందే ఊడింది. కొత్త నిచ్చెన వేసేదాకా పైనున్న వాల్వుల దగ్గరికి ఎక్కనన్నాడు. రెండు రోజులు కుళాయిలు రాలేదు. మూడో రోజు పోలీసులు వచ్చారు.

ఉత్తర్వు మీసా చట్టం కింద వచ్చింది. అత్యవసరమైన నీటి సరఫరాకు సన్యాసయ్య భంగం కలిగించగలడు కనుక, సరఫరా సజావుగా సాగడానికి అతన్ని కోరాపుట్ జైల్లో ఉంచడం అవసరమని జిల్లా అధికారిగారు తృప్తి చెందారు. (ఈ చట్టంలో అధికారి తృప్తే ప్రధానం. ఆ తృప్తి సబబైనదేనా అని కోర్టులు సైతం అడగరాదు.) ఆనాటి నుంచి ఊళ్ళో చుక్క నీరు రాలేదు. సరఫరాకు ముప్పు తొలగిందని కార్యాలయం పైకి నివేదించింది.

అతని భార్య గున్నమ్మ మిషన్ బడి ఏసుపాదం మాస్టారి దగ్గరికి పరుగెత్తింది.

"మీసా అంతన్నారు బాబూ. మా ఇంటాయనకి మీసాలే నేవు. ఇంకెవులి కోసమో వొచ్చి ఈన్ని పట్టుకెళ్ళిపోనారేటి?"

"మీసాలు కాదమ్మా, చట్టం పేరు. నేరం చెయ్యక్కర్లేదు, చేస్తాడేమోనని అనుమానం వస్తే చాలు."

"నేరం సెయ్యనప్పుడు ఒగ్గీడానికేటి అడ్డు?"

"చేసుంటే బెయిలు దొరికేది," అన్నారు మాస్టారు.

సన్యాసయ్య తరఫున ఆయన విన్నపం రాసి రాజధానికి పంపారు. ఇది నీళ్ళ సంగతని జైళ్ళ విభాగం, జైలు సంగతని నీళ్ళ విభాగం దాన్ని ఒకరికొకరు మర్యాదగా పంపుకున్నారు. యాభై మూడు రోజులు గడిచాయి.

ఈలోగా సన్యాసయ్యను, నిర్బంధం సబబో కాదో చూసే సలహా మండలి పిలిచింది (వకీలును తెచ్చుకోరాదు).

"నిన్ను వదిలిపెడితే ఏం చేస్తావు?"

"ఏటి సేస్తాను బాబూ, ఎల్లి నీలు ఒగ్గుతాను."

వాల్వు మీద చెయ్యి వేయాలన్న ఉద్దేశం ఇతనిలో ఇంకా పోలేదని మండలి రాసుకుంది.

చివరికి కటకంలో ఒక ఒడియా వకీలు ఫీజు అడగకుండా హైకోర్టులో హెబియస్ కార్పస్ వేశాడు. జడ్జీలు నిచ్చెన గురించి అడగలేదు, నీళ్ళ గురించీ అడగలేదు. విన్నపం యాభై మూడు రోజులు ఎక్కడుందని అడిగారు. ప్రభుత్వ వకీలు ఫైలును ముందుకీ వెనక్కీ తిప్పి, మంచినీళ్ళు తాగారు. విన్నపాన్ని ఇంతకాలం తేల్చలేదు కనుక నిర్బంధం చెల్లదని కోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది.

అలా పట్టుకెళ్ళిన ఐదు నెలలకు సన్యాసయ్య ఇంటికొచ్చాడు. గున్నమ్మ అతని చెంపలు తడిమి, ఎముకలు తగిలి ఏడ్చింది. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ కలిసి పనిలో చేరడానికి కార్యాలయానికి వెళ్ళారు. పెద్ద గుమాస్తా రమణమూర్తి కళ్ళజోడు సర్దుకున్నాడు.

"ఐదు నెలలు ఎక్కడున్నావు?"

"జైల్లో ఉన్నాను బాబూ."

"ఏ ఉత్తర్వు మీద?"

"మీసా మీద."

"అది చెల్లదని హైకోర్టే చెప్పింది కదయ్యా. చెల్లని ఉత్తర్వంటే లేని ఉత్తర్వు. లేని ఉత్తర్వు మీద నిన్నెవరు పట్టుకెళ్తారు? రికార్డు ప్రకారం నువ్వు జైలుకే వెళ్ళలేదు. సెలవు పెట్టకుండా ఎటో పోయావు. అందుకని నిన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. ఇక్కడ సంతకం పెట్టు."

గున్నమ్మ ముందుకొచ్చింది.

"మరి నాను ఆదివారం ఆదివారం కోరాపుట్ బస్సెక్కి ఎవులికి కూడు పట్టుకెళ్నాను బాబూ?"

రమణమూర్తి ఫైలు మొత్తం ఓపికగా తిరగేసి చూశాడు.

"అది మా విభాగానికి సంబంధించింది కాదమ్మా," అన్నాడు.