ఎలుగుబంటి డ్యూటీ

అమెరికా కొండల్లో ఎలుగుబంట్లు ఉండటం మన ఆడవాళ్ళ అదృష్టం. నవ్వకండి. ఇంకో నాలుగు వందలు తెచ్చి వదిలినా నాకు అభ్యంతరం లేదు.

ఎందుకంటారా? పెళ్ళయిన ఆడదాన్ని ఒకచోట కూర్చోబెట్టి, "నువ్వు హాయిగా రెస్ట్ తీసుకో" అని మొగుడి చేత అనిపించిన జంతువు ఈ భూమ్మీద ఇంకోటి ఉందా? ఆవు అనిపించిందా? అది తెల్లవారకముందే లేపేస్తుంది. కుక్క అనిపించిందా? వానలో కూడా దాన్ని షికారుకి తిప్పాలి. పిల్లి సంగతి సరేసరి, ఇంట్లో విశ్రాంతి మొత్తం అదే తీసేసుకుంటుంది. ఎలుగుబంటి ఒక్కటే మన కష్టం గుర్తించింది. సాక్ష్యం కావాలంటే మోరిస్‌విల్‌లో మా పక్కింటి గిరిజ ఉంది.

మా కాలంలో ఈ భాగ్యం లేదు. నా పెళ్ళయిన రెండో ఏడు అందరం అహోబిలం వెళ్ళాం. అత్తగారు, ముగ్గురు తోడికోడళ్ళం, పిల్లలు. తువ్వాలులో మూటగట్టిన పెరుగన్నం, పచ్చిమిరపకాయలు, నాలుగు ఉల్లిపాయలు. తిన్నాం, విస్తరాకులు పారేశాం, చేతులు కడుక్కున్నాం. ఇక కాపలా కాయడానికి ఏం మిగిలింది గనక? అందరితో పాటు మేమూ కొండెక్కి, పైనించి లోయ చూసి, గాలి పీల్చుకుని దిగాల్సి వచ్చింది. ఎంత దురదృష్టవంతులమో చూడండి.

గిరిజ అలా కాదు. పెట్టి పుట్టింది. ఆమె భర్త శ్యామ్‌సుందర్ సాఫ్ట్‌వేర్‌లో టీమ్ లీడు. ఏ పనైనా ఎక్సెల్ షీటు లేకుండా చెయ్యడు. ఎక్సెల్ షీటంటే నేనూ చూశాను, గళ్ళ దుప్పటిలా ఉంటుంది. ఆ గళ్ళలో మనుషుల్ని కూర్చోబెడతారు. ఒకసారి కూర్చోబెడితే లేవడం కష్టం.

రెండువేల పదిలో, సెప్టెంబరు మొదట్లో వచ్చే లేబర్ డే సెలవులకి మొదటిసారి స్మోకీ కొండలకి క్యాంపింగ్ పెట్టుకున్నారు. శ్యామ్‌సుందర్, గిరిజ, వాళ్ళమ్మాయి ఆద్య. స్నేహితులు రాజ్, మీనా, వాళ్ళబ్బాయి నీల్. పైగా గిరిజ పిన్ని కొడుకు పవన్. మా పక్క ఊరు రాలీలో ఎమ్మెస్ చదువుతూ, ఇంటి వంట దొరికే చోటికల్లా చెప్పకుండానే వచ్చే పిల్లవాడు.

మొత్తం ఏడుగురు. మూడు రోజులు. తిండి మాత్రం పెళ్ళివారికి సరిపడా కట్టారు. అరవై పూరీలు, పెద్ద గిన్నెడు పులిహోర, బకెట్లో దోసెపిండి, ఐస్ పెట్టెలో మసాలా పట్టించిన కోడి, రెండు డబ్బాల పెరుగు, ఆవకాయ, గోంగూర, కారప్పొడి. అడవిలో ఏం దొరుకుతుందో ఏమో అని మళ్ళీ పాతిక నూడుల్స్ ప్యాకెట్లు. వీటికి తోడు రైస్ కుక్కర్ కూడా. క్యాంపుకి చేరాక శ్యామ్‌సుందర్ చేతిలో దాని వైరు పట్టుకుని చెట్ల చుట్టూ తిరిగాడు, ప్లగ్ పాయింటు ఎక్కడుందోనని. అన్నం చివరికి గిరిజే గ్యాసు పొయ్యి మీద వండింది.

అప్పుడు వచ్చాడు ఆకుపచ్చ ప్యాంటు రేంజరు. ఇక్కడ ఎలుగుబంట్లు తిరుగుతాయి, తిండి వస్తువులు బయట వదిలి వెళ్ళకూడదు, అద్దాలెత్తిన కారులో పెట్టి తాళం వెయ్యండి, లేదా పక్కన ఒక మనిషి ఉండాలి, కాదంటే ఫైను అని మర్యాదగా చెప్పి వెళ్ళాడు.

కారులో చోటేదీ? వ్యాన్ నిండా క్రికెట్ కిట్టు, మడత కుర్చీలు, గాలి పరుపులు, ఆ పరుపుల్లోకి గాలి కొట్టే మిషను. కాబట్టి ఒక మనిషి ఉండాలి. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చూపులన్నీ కాసేపు అటూ ఇటూ తిరిగి గిరిజ దగ్గర ఆగాయి.

"నువ్వు హాయిగా రెస్ట్ తీసుకో గిరిజా. వాటర్‌ఫాల్ ఎక్కడికీ పోదు. నెక్స్ట్ ఇయర్ రొటేషన్ పెడదాం," అన్నాడు శ్యామ్‌సుందర్.

"పోనీ నేనూ ఉంటానక్కా," అంది మీనా. పాపం మంచి పిల్ల. కానీ కొత్త హైకింగ్ బూట్లు అప్పటికే లేసులు బిగించి ఉన్నాయి. బూట్ల మాట కాదనలేకపోయింది.

అలా గిరిజకి విశ్రాంతి మొదలయ్యింది. విశ్రాంతిలో ఏమేం ఉంటాయో తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. రెండు వందల అడుగుల దూరంలో కుళాయి, అక్కడికి వెళ్ళాలి, కానీ తిండి వదిలి వెళ్ళకూడదు. కాబట్టి ఒక చంకలో పులిహోర గిన్నె, ఇంకో చేత్తో నీళ్ళ క్యాను. పొద్దుటి గిన్నెలు తోమాలి. మధ్యాహ్నానికి ఉల్లిపాయలు తరగాలి. పొంగుతున్న దోసెపిండిని గంటకోసారి కలిపి కూర్చోబెట్టాలి. ఎలుగుబంటి రాలేదు గానీ ఉడతలు వచ్చాయి. వాటిని గరిటె పెట్టి తోలాలి. ఇంత విశ్రాంతి ఇంట్లో దొరుకుతుందా చెప్పండి.

పైగా ఈ కొండగాలి. వంటింటికి నాలుగు గోడలు ఉండి చెడగొట్టాయి గానీ, అవి లేకపోతే వంట చేస్తున్నట్టే ఉండదట. ఈ సంగతి వంట చెయ్యని శ్యామ్‌సుందర్ చాలాసార్లు చెప్పాడు.

మధ్యాహ్నం అందరూ తిరిగి వచ్చి ఆవురావురుమంటూ తిన్నారు. రాజ్ తన పెద్ద కెమెరాలో జలపాతం ఫోటోలు చూపించాడు. గిరిజ చేతులకి శనగపిండి ఉంటే పక్క నుంచి తనే ఒక్కొక్కటీ మార్చి చూపించాడు. అంతకన్నా సౌకర్యం ఏముంది? నడవక్కర్లేదు, తడవక్కర్లేదు, జలపాతమే బల్ల దగ్గరికి వచ్చింది.

మరుసటి సంవత్సరం షీటులో కొత్త గడి చేర్చారు. నావిగేషన్, శ్యామ్. ఫోటోలు, రాజ్. పాటలు, పవన్. బేర్ డ్యూటీ, గిరిజ.

"రొటేషన్ అన్నారు కదా," అంది గిరిజ.

"అన్నాను. కానీ నీకు ఎక్స్‌పీరియన్స్ వచ్చేసింది. కొత్తవాళ్ళకి నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ ఇవ్వడానికే ఒక పూట పడుతుంది."

"అక్కని ప్రొడక్షన్ సపోర్ట్‌లో వేశావా బావా? అందులో పడ్డవాళ్ళు మళ్ళీ బయటికి రారు," అన్నాడు పవన్. అందరూ నవ్వారు. గిరిజ కూడా నవ్వింది. నవ్వుతూనే పూరీలు వత్తింది.

మూడో ఏడు గిరిజ పట్టుబట్టింది. జులైలోనే షీటు తీయించి, శనివారం గడిలో తన పేరు చెరిపించి రాజ్ పేరు రాయించింది. సేల్‌లో బూట్లు కొనుక్కుంది. రెండు నెలలు రోజూ పొద్దున్నే చెరువు చుట్టూ నడిచింది. నేనూ పక్కనే నడిచేదాన్ని, ఒక చుట్టు తిరిగి బెంచీ మీద కూలబడేదాన్ని. "ఈసారి ఆ నీళ్ళు చూసి తీరతాను బామ్మగారూ," అని మూడు చుట్లు తిరిగాక కూడా ఆయాసం లేకుండా చెప్పేది.

శనివారం పొద్దున్న క్యాంపులో అందరూ బయల్దేరుతున్నారు. గిరిజ బూట్లేసుకుని నిలబడింది. రాజ్ మడత కుర్చీలో కూర్చున్నాడు. కూర్చుని కెమెరా వంక చూశాడు.

"నేను ఉంటాను వదినా, మాటంటే మాటే. కానీ ఫోటోలు? ఈ లెన్సు పవన్‌కి ఇస్తే నీళ్ళల్లో పడేస్తాడు. పిల్లలకి ఈ వయసు మళ్ళీ రాదు కదా."

అని లేచి కెమెరా మెడలో వేసుకున్నాడు. శ్యామ్‌సుందర్ ప్రతి ఏడూ కారు తాళం జేబులో వేసుకునే కొండెక్కేవాడు. ఈసారి కెమెరా స్టాండూ, నీళ్ళ సంచీ తనే మొయ్యాలి గనక జేబు బరువు తగ్గించుకుందామని తాళం గిరిజ చేతిలో పెట్టాడు. "ఒంటిగంటకి లంచ్‌కి వచ్చేస్తాం. నువ్వు రిలాక్స్ అవ్వు."

పక్క స్థలంలో డెబ్భై ఏళ్ళ అమెరికన్ ఆవిడ ఒక్కతే చిన్న గుడారం వేసుకుని ఉంది. వెళ్తూ వెళ్తూ ఆద్య ఆవిడకి టాటా చెప్పింది. "మీ అమ్మ రావడం లేదా?" అని అడిగింది ఆవిడ.

"మై మామ్ డజంట్ లైక్ హైకింగ్," అంది ఆద్య. అని గెంతుకుంటూ వాళ్ళ నాన్న వెనకాల వెళ్ళిపోయింది.

పీట మీద ఉల్లిపాయ పెట్టిన గిరిజ చెయ్యి ఆగిపోయింది. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం కొండ చుట్టూ ముప్ఫై రెండు కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా, వానలో, రెండేళ్ళు వరసగా నడిచిన మనిషి ఆమె. రెండోసారి తమ్ముడు కాలు నొప్పంటే కొంత దూరం వాడిని ఎత్తుకుని నడిచింది. ఆ కూతురికి ఆ సంగతి ఎప్పుడు చెప్పాలి? కొండలకి వచ్చినప్పుడల్లా విశ్రాంతిలో ఉంటోందాయె.

"నాకు నడక ఇష్టమే," అంది గిరిజ ఆ ముసలావిడతో, ఎవరో నేరం మోపినట్టు. "ఈ తిండి వదిలి వెళ్ళకూడదు. కారులో పట్టదు."

"కారులో ఏమున్నాయి?" అంది ఆవిడ. గిరిజ చెప్పింది. క్రికెట్ కిట్టు, కుర్చీలు, గాలి మిషను.

ఆవిడ వ్యాన్ అద్దంలోంచి లోపలికి తొంగి చూసింది. "ఎలుగుబంటి క్రికెట్ బ్యాట్ తింటుందా?"

మూడేళ్ళు. నలుగురు మాస్టర్స్ డిగ్రీలు చేసిన వాళ్ళు, ఒకడు చేస్తున్నవాడు. ఎవరికీ తట్టలేదు. తట్టకపోవడమే మంచిదయ్యింది, లేకపోతే గిరిజకి విశ్రాంతి ఎవరిచ్చేవారు?

గిరిజ వ్యాన్ తలుపు తీసింది. బ్యాట్లు బయట పెట్టింది. ప్యాడ్లు, మిగతా కుర్చీలు, గాలి పరుపులు, మిషను, ఎవరూ ఎగరేయని గాలిపటం, అన్నీ గడ్డిలో పేర్చింది. ఖాళీ అయిన చోట పులిహోర, పూరీలు, ఐస్ పెట్టె, ఆవకాయ సర్దింది. దోసెపిండి బకెట్టుని ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టింది. అద్దాలెత్తి తాళం వేసింది. అది టక్కుమంది. ఆ చప్పుడికి ఆమే ఉలిక్కిపడింది. ఎవరైనా వెనక్కి పిలుస్తారేమోనని ఒక నిమిషం చూసింది. ఎవరూ పిలవలేదు. నడిచింది.

దారి గుండ్రంగా ఉంటుంది. ఒక వైపు ఎక్కినవాళ్ళు ఇంకో వైపు నుంచి క్యాంపుకి దిగుతారు. కాబట్టి మనవాళ్ళు ఎదురు కాలేదు. రెండున్నర మైళ్ళు ఎక్కింది. నీళ్ళ చప్పుడు ముందు వినబడింది, తరవాత చల్లగాలి తగిలింది, తరవాత జలపాతం కనబడింది. ఫోటోల్లో చిన్నదిగా ఉండేది. ఎదురుగా నిలబడితే మెడ వెనక్కి వాల్చాల్సి వచ్చింది. నీళ్ళకీ బండకీ మధ్య మనిషి నడిచేంత సందుంది. వెనక్కి వెళ్ళింది. ముందర తెల్లటి తెర. చీర కొంగులా కాదు, ఇంట్లో ఏ గుడ్డలాగానూ కాదు. ఇంటి వస్తువు ఒక్కటీ గుర్తుకు రాలేదట ఆమెకి. అదే బాగుందట.

ఇవతలికి వచ్చి బండ మీద కూర్చుంటే అప్పుడు తెలిసింది ఆకలి. అరవై పూరీలు కట్టిన మనిషి ఒక్కటీ తెచ్చుకోలేదు. పక్క బండ మీద ఒక పెద్దాయన చిన్న చాకుతో ఆపిల్ కోసుకుంటున్నాడు. ఈమె చూపు ఎటు పోయిందో ఆయనే గ్రహించి చాకు కొనన ఒక ముక్క గుచ్చి చెయ్యి చాపాడు. మూడేళ్ళుగా ఈ కొండలకి వస్తోంది కదా. ఇంకొకరు కోసి ఆమె చేతికి ఇచ్చిన మొదటి ముక్క అది.

తిరిగి క్యాంపుకి చేరేసరికి మూడున్నర. అక్కడ మగవాళ్ళు మడత కుర్చీల్లో వరసగా కూర్చున్నారు. పిల్లలకి పక్కావిడ ఏవో గింజల బిళ్ళలు పెట్టి ఊరుకోబెట్టింది. వ్యాన్ అద్దంలోంచి పులిహోర కనబడుతోంది. ఇంకో తాళం మోరిస్‌విల్‌లో వంటింటి డ్రాయర్లో ఉంది. ఫోన్లకి సిగ్నల్ లేదు. రాజ్ పోనీ అని పులిహోరని అద్దం బయట నుంచి నాలుగు వైపులా ఫోటో తీశాడు.

"ఎక్కడికెళ్ళావ్? రెండున్నర గంటలుగా ఇలా కూర్చున్నాం," అన్నాడు శ్యామ్‌సుందర్.

"వాటర్‌ఫాల్‌కి. ఇదిగో తాళం. ప్లేట్లు వెనక సీటు కింద ఉన్నాయి." ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుని బూట్ల లేసులు విప్పుకుంది గిరిజ. మీనా గబగబా వెళ్ళి ప్లేట్లు తీసింది. పవన్ ఏదో జోకు వేయబోయి, ఇంకా తడి ఆరని అక్క జుట్టు చూసి మానేశాడు.

ఆద్య దగ్గరికి వచ్చింది. "అమ్మా, నువ్వు హైక్ చేశావా? బట్ యూ డోంట్ లైక్ ఇట్."

"నీకెవరు చెప్పారే?"

ఆద్య వాళ్ళ నాన్న వంక చూసింది. వాళ్ళ నాన్న గుడారం వంక చూశాడు.

"నీళ్ళ వెనక్కి వెళ్ళావా?" అడిగింది గిరిజ.

"వెనక్కి వెళ్ళొచ్చా? డాడీ టైమ్ లేదన్నాడు. లంచ్ వన్ ఓ క్లాక్‌కి కదా."

"రేపు నేను తీసుకెళ్తాను. టైము చూసుకోకుండా."

శ్యామ్‌సుందర్ అంతసేపూ ఓర్చుకున్నాడు. ఇక ఆగలేకపోయాడు. గొంతులో నిజమైన బాధే ఉంది, నేను అబద్ధం చెప్పను.

"అదంతా సరే గిరిజా. కారు లాక్ చేసి ఉంది, ఎక్కి కూర్చోవడానికి లేదు. ఫోన్ లేదు. పిల్లలతో ఉన్నాం. ఒకవేళ నిజంగా బేర్ వచ్చి ఉంటే? మేం ఏమైపోయేవాళ్ళం?"

ఆ బల్ల దగ్గర మనిషిని కూర్చోబెట్టడం మొదలుపెట్టి మూడేళ్ళయ్యింది. అక్కడ ఆ ప్రశ్న వినబడటం అదే మొదటిసారి.