కట్టు విప్పితే చెత్త

పర్యావరణాన్ని కాపాడాలంటే అడవులు పెంచనక్కర్లేదు. డాక్టర్లకు ట్రైనింగ్ ఇస్తే చాలు! ఆ పుణ్యకార్యంలో నా ఎడమ కాలు కూడా పాలుపంచుకుందని సగర్వంగా మనవి చేసుకుంటున్నాను.

మెట్ల మీద జారి విరిగిన కాలికి పిండికట్టు వేశారు. విప్పే రోజు రానే వచ్చింది, ఆసుపత్రి వార్డులో మంచం ఎక్కించారు. లోపల దురద ఎలాంటిదనుకున్నారు? చీమలు అందులో పెళ్లిళ్లు చేసుకుని కాపురాలు పెట్టేశాయి! గోక్కోవడానికి దూర్చిన మా ఆవిడ అల్లిక సూది లోపలికి పోయి తిరిగి రాలేదు. దాన్ని వెతకబోయిన దువ్వెనదీ అదే గతి.

ఎముకల డాక్టరు, ఆసుపత్రి చెత్త తగ్గించడం నేర్పే 'పచ్చని వైద్యం' శిక్షణ నుంచి అప్పుడే వెలిగిపోతున్న మొహంతో వచ్చాడు. నా కట్టును ఆప్యాయంగా నిమిరాడు.

"తాతగారూ, ఇది మీ కాలికి ఉన్నంతసేపూ వైద్యం. కోసి తీశామా, చెత్త! ఈ వారం వార్డులకి చెత్త పోటీ. మా బుట్ట ఖాళీగా ఉండాలి."

"మరి నా ఎముక అతుక్కుందా బాబూ?"

"బ్రహ్మాండంగా! అందుకే ఇక తొందరేం లేదు."

దీన్ని నిర్లక్ష్యం అనేవాళ్లు మూర్ఖులు. ఎదురు మంచం ఆయన దగ్గర దూది ఆదా చేయాలని సిస్టరు, "సూది పొడిచినట్టే అనుకోండి" అంది. ఆయన "అబ్బా!" అన్నాడు. జ్వరం దిగిపోయింది! వైద్యశాస్త్రం ఇంతకన్నా ఏం ఎదగాలి?

మా ఆవిడకి మాత్రం శాస్త్రం తలకెక్కలేదు.

"నా సూది నాకు కావాలి. స్వెట్టరు ఒక చెయ్యి దగ్గరే ఆగిపోయింది. రెండో చెయ్యి జేబులో పెట్టుకు తిరుగుతారా?" అని నన్నే కడిగేసి, ఈ చదువు చెప్పినవాళ్లనే అడుగుతానంటూ నా చక్రాల కుర్చీని విసురుగా తోసుకుంటూ పోయి ట్రైనింగ్ హాలు తలుపు తీసింది.

అబ్బో, ఏం ఏసీ! భూమి వేడెక్కిపోతోందని చెబుతున్న ప్రొఫెసరు గారికి పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. కుర్చీ కుర్చీకీ ఒక నీళ్ల సీసా, ఒక ప్లాస్టిక్ సంచీ, అందులో కాగితం పొదుపు మీద దిండంత పుస్తకం. రెండు గుక్కలు తాగి పారేసిన సీసాలు మూలన గుట్టపడ్డాయి. ఆ గుట్ట వెనక ఏనుగు పడుకున్నా తోక కూడా కనపడదు!

"ఇదెవరి చెత్త నాయనా?" అంది మా ఆవిడ, వెనకే పరిగెత్తుకొచ్చిన డాక్టరుతో.

"అది చెత్త కాదమ్మా, ట్రైనింగ్. అది లెక్కలోకి రాదు."

మా ఆవిడ నా కుర్చీని తిన్నగా ఆ గుట్ట పక్కన ఆపింది.

"అయితే ఇక్కడ కొయ్యి బాబూ. ఈయనా ట్రైనింగ్‌కే వచ్చాడనుకో."

డాక్టరు వెళ్లి కట్టు కోసే రంపం తెచ్చాడు. కట్టు రెండు చెక్కలైంది. సూది దొరికింది, దువ్వెన దొరికింది, పోయిందనుకుని ఇల్లంతా తిరగేసిన నా కళ్లజోడూ దొరికింది! నేను మాత్రం ముందు తనివితీరా గోక్కున్నాను.

ఈ కిటుకు ఆసుపత్రంతా పాకింది. పొద్దుగూకేసరికి అన్ని వార్డుల చెత్తా హాలుకి తరలివచ్చి శిక్షణ పొందింది. బుట్టలన్నీ అద్దాల్లా మెరిశాయి. మా వార్డుకే మొదటి బహుమతి: థర్మకోల్ చెట్టు, ప్లాస్టిక్ కాగితంలో చుట్టి!

కాబట్టి పాఠక మహాశయులారా, ఈ ట్రైనింగ్‌లు ఎవరు ఆపమన్నా ఆపనివ్వకండి. ఆపేస్తే, ఇంత చెత్త ఎక్కడ దాచుకుంటాం?