మిస్టర్ తుపాన్ దూకిన ట్యాంకు

ఆ ఆదివారం పొద్దున నీలకంఠం పెట్టుకున్న పనులు మూడే: నున్నగా గడ్డం గీసుకోవడం, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవడం, పరువు పోకుండా చూసుకోవడం. మొదటి రెండూ టిఫిను వేళకే అయిపోయాయి.

"మావా, అటక మీద ఆవకాయ జాడీ ఉంది. కాస్త దించవా?" వంటింట్లోంచి సన్యాసమ్మ కేకేసింది.

"ఏటే, ట్యాంకు మీంచి దూకినోణ్ణి అట్టుకుని అటకెక్కమంతావేటి? ఇయ్యాల నాను చీఫ్ గెస్టుని."

సన్యాసమ్మ స్టూలు లాక్కుని, కుచ్చిళ్ళు ఎగదోపుకుని, తనే ఎక్కి జాడీ దించుకుంది. ఆ ఇంట్లో అటక పని ఎప్పుడూ ఆవిడదే. హీరోగారు కింద నిలబడి జాగ్రత్తలు చెబుతారు.

హీరో అన్నది ఎగతాళి కాదు. విశాఖ ఉక్కు ప్లాంటు ఉద్యోగుల కోసం ఉక్కునగరం కట్టిన కొత్తల్లో టీవీలో "మిస్టర్ తుపాన్" అని ఒక సీరియల్ వచ్చేది. ముసుగూ, వీపున ఎర్ర గుడ్డా కట్టుకున్న వీరుడొకడు వారం వారం వచ్చి స్మగ్లర్లను చితక్కొట్టిపోయేవాడు. అందులో ఒక ఎపిసోడ్ ఉక్కునగరంలో తీశారు. ముందురోజు రొయ్యల వేపుడు మొహం వాచినట్టు తిన్న అసలు హీరో, పొద్దున్నే కడుపు పట్టుకుని లాడ్జిలో పడుకున్నాడు. ముసుగు వేస్తే ఎవడైనా ఒకటేనని డైరెక్టరు చుట్టూ చూస్తే, నైట్ షిఫ్టు దిగి వస్తున్న నీలకంఠం ఛాతీ కనిపించింది. ఆ ఛాతీకి ముసుగు తగిలించి, నీళ్ళ ట్యాంకు నిచ్చెన ఎక్కి మధ్యలో ఉన్న పలక మీంచి దూకమన్నారు. నీలకంఠం దూకాడు. కనీసం, ఆ రోజు నుంచి ఇప్పటిదాకా తాముండే సెక్టారు మొత్తానికి ఆయన చెప్పుకుంటూ వచ్చింది అదే.

నిజమేమిటంటే, ఆయన పలకకు సగం దూరం ఎక్కి కిందికి చూశాడు. అంతే, కాళ్ళు తనవి కాకుండా పోయాయి. ఎలాగో దిగి, "మంచినీళ్ళు తాగొస్తాను" అని పంపు హౌసు వెనక్కి వెళ్ళి, కళ్ళు తిరిగి పడిపోయాడు. తెలివొచ్చేసరికి షూటింగు అయిపోయింది. డైరెక్టరు భుజం తట్టి "అదరగొట్టావయ్యా!" అని వ్యానెక్కి వెళ్ళిపోయాడు. దూకిందెవరో నీలకంఠానికి తెలియదు. అడగనూ లేదు. మెడలో పడ్డ దండ ఎవరిదని అడిగే మొగాడు లోకంలో ఎక్కడుంటాడు?

పైగా అదృష్టం కూడా కలిసొచ్చింది. ఆ ఎపిసోడ్ టీవీలో వచ్చిన రోజే నిజం తుపాను వచ్చి, ఊరంతా కరెంటు పోయింది. చూసిన పాపాన పోయినవాడు లేడు. దాంతో గోరంత కథ కొండంత అయింది. మొదట్లో ఆయన గడ్డి కుప్ప మీదికి దూకేవాడు. తర్వాత ఇసుక మీదికి. రిటైరయ్యాక ఒట్టి నేల మీదికే.

ఇప్పుడా ఎపిసోడ్ క్యాసెట్టు దొరికింది. ద్వారకా నగర్లో పాత క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించే దుకాణం నడుపుతున్న జావేద్, తీరిక వేళల్లో పాత సీరియల్స్‌లో తప్పులు ఏరి వీడియోలు చేస్తుంటాడు. విశాఖ పాతనగరంలో దర్జీ అయిన అతని తాత కరీం అప్పట్లో మిస్టర్ తుపాన్ బట్టలు కుట్టాడు. ఆ తాత ట్రంకు పెట్టెలోనే క్యాసెట్టూ, బట్టలూ బయటపడ్డాయి. సెక్టారు సంక్షేమ సంఘం కార్యదర్శి పోలిరాజు చెవిన ఈ మాట పడటమేమిటి, కమ్యూనిటీ హాలు సిద్ధం, చీఫ్ గెస్టుగా నీలకంఠం సిద్ధం.

జావేద్ ముందే ఫోను చేసి చెప్పాడు. "అంకుల్, సీరియల్ మొత్తం మీద ఇంత చెత్త ఎపిసోడ్ ఇంకోటి లేదు. అన్నీ తప్పులే. అన్నిటికన్నా పెద్ద తప్పు మీరు దూకిన సీన్లో ఉంది. అదేటో ఇప్పుడు సెప్పను, సస్పెన్సు."

ఆ ఫోను వచ్చినప్పటి నుంచి నీలకంఠానికి ముద్ద దిగడం లేదు. ముసుగు జారి ఎవడి మొహమో కనిపించి ఉంటుంది! బాగా ఆలోచించి, పక్క క్వార్టర్లో ఉండే ఎలక్ట్రీషియన్ వీరన్నను పట్టుకున్నాడు.

"వీరన్నా, నాకు శాలువా కప్పుతారు గదా. దూకే సీను ముందు నాను అది తీసేత్తాను. తీసీడమే తరువాయి, నువ్వు వరండాలో ఫ్యూజు పీకీయాల."

"ఎందుకు బావా?"

"నా గొప్ప నాను సూసుకోడం నాకు సిగ్గురా."

వీరన్న కళ్ళు చెమర్చాయి. ఇంతటి వినయం అతను ఎన్నడూ చూసి ఎరగడు.

కిటికీలకు తెరలు దించిన హాలు కిటకిటలాడింది. పోలిరాజు శాలువా కప్పి, ఉపన్యాసం ఇచ్చి, మళ్ళీ శాలువా సర్ది, ఇంకాస్త ఉపన్యాసం ఇచ్చాక తెర మీద బొమ్మ పడింది. తప్పు కనిపించినప్పుడల్లా జావేద్ బొమ్మ ఆపుతున్నాడు. జనం విరగబడి నవ్వుతున్నారు.

"సూడండి, సముద్రంలో మునిగి లేచినాడు. బట్టలు తడవలేదు. ముసుగు మడత కూడా చెదరలేదు. ఇదెలగ?"

నవ్వులు విని నీలకంఠానికి ఎక్కడో కాలింది. తను దూకకపోతేనేం, మిస్టర్ తుపాన్ తనవాడు. లేచి నిలబడ్డాడు. "బాబూ, తుపానంటే గాలికి రాజు. గాలికి రాజైనోడు తడిగుడ్డల్తో తిరుగుతాడేటి?"

హాలు చప్పట్లతో మోగిపోయింది. జావేద్ కూడా నవ్వి ఇంకో చోట ఆపాడు. "పక్కన తలుపు బార్లా తీసే ఉంది. ఈయన గోడ బద్దలుకొట్టుకుని వచ్చినాడు."

"తలుపులోంచి చుట్టాలొత్తారు. వీరులు గోడలోంచే వొత్తారు."

"బాంబుకి కట్టిన గడియారంలో మొదట్నించి చివరి దాకా ఒకటే టైమ్, అంకుల్."

"ఆగిపోనాది గనకే బాంబు పేలలేదు. ఆపిందెవరనుకుంతన్నావ్?"

ఈలలు, కేకలు. పోలిరాజు కుర్చీలోంచి లేచి దణ్ణం పెట్టాడు. నడిసముద్రంలో ఓడ మీద విలన్ వెనకాల నిలబడి నెమరేస్తున్న మేక, మరుక్షణం గోదాములో కూడా ఎలా నెమరేస్తోందన్న దగ్గర మాత్రం నీలకంఠం తడుముకున్నాడు. "మేక సంగతి తరవాత సూద్దాం" అని దాటవేశాడు.

మునగచెట్టు ఎక్కించడానికి జనం ఉంటే, దిగే సంగతి ఎవరికి గుర్తుంటుంది? జావేద్ "ఇప్పుడు దూకే సీను. అంతెత్తు నించి, కింద పరుపు కూడా లేకుండా దూకితే కాల్లిరిగిపోవా?" అనేసరికి నీలకంఠం పూర్తిగా ఒళ్ళు మరిచిపోయాడు.

"పరుపేటి పరుపు! ఒట్టి నేల మీద దూకీసినాను. అప్పుడేటి, ఇప్పుడైనా దూకీగలను!" అంటూ, ఆ ఊపులో శాలువా లాగి కుర్చీ మీదికి విసిరాడు.

వరండాలో కాచుకుని ఉన్న వీరన్న ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు. హాలంతా చీకటైపోయింది.

పథకం పారినందుకు నీలకంఠం హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఆ హాయి ఎంతోసేపు లేదు. చీకట్లోంచి పోలిరాజు గొంతు లేచింది. "కరెంటు పోతే ఏటయిపోద్ది? ట్యాంకు మన హాలు ఎనకాలే ఉంది, హీరో మన కాడే ఉన్నాడు. పదండి, బొమ్మెందుకు, నిజమే సూసీద్దాం! బావా, దూకక్కర్లేదు గానీ, ఆ పలక దాకా ఎక్కి ఓపాలి సెయ్యూపీ!"

నోరా వీపుకు దెబ్బలు తేకే అని పెద్దలు ఊరికే అనలేదు. నీలకంఠం పరుగున వరండాలోకి వెళ్ళి "ఒరే వీరన్నా, ఫ్యూజెట్టీరా!" అన్నాడు. అక్కడ వీరన్న లేడు. మధ్యాహ్నం బీ షిఫ్టుకు వేళైందని, ఫ్యూజు జేబులో వేసుకుని, ఒక మంచిమనిషికి సాయం చేశానన్న తృప్తితో స్కూటరెక్కి వెళ్ళిపోయాడు.

ఇంతలో జావేద్ తాత కుట్టిన బట్టలు తెచ్చి ఆయనకు తొడిగించాడు. ప్యాంటు మోకాళ్ళ కింద ఆగిపోయింది. జావేద్ బుర్ర గోక్కున్నాడు. "షూటింగ్ రోజు హడావిడిగా కురచ చేసినానని తాత అన్నాడంకుల్. ఎందుకని అడిగితే నవ్వి ఊరుకున్నాడు."

నీలకంఠానికి ఆ నవ్వు గురించి ఆలోచించే తీరిక లేదు. ముందు జనం, వెనక జనం, మధ్యలో నిచ్చెన. సెక్టారు పిల్లలంతా "తుపాన్ తాతా!" అని అరుస్తున్నారు. ఈ ఒక్క పిలుపు కోసమే ఇన్నాళ్ళూ బతికినట్టుంది ఆయనకు. అది పోతే మార్కెట్టులో ఎవరి మొహం చూడగలడు? కళ్ళు మూసుకుని ఎక్కడం మొదలుపెట్టాడు. సగం ఎక్కాక, వద్దు వద్దనుకుంటూనే కళ్ళు తెరిచి కిందికి చూశాడు.

కాళ్ళు మళ్ళీ తనవి కాకుండా పోయాయి.

పైకి పోలేక, కిందికి రాలేక, బల్లిలా నిచ్చెనను కరుచుకుని ఉండగా, కింద నిచ్చెన కదిలింది. సన్యాసమ్మ కుచ్చిళ్ళు ఎగదోపుకుని, అటకెక్కినంత తేలిగ్గా ఎక్కి వస్తోంది. ఆ వెడల్పాటి నిచ్చెన మీద పక్కకొచ్చి నిలబడి నెమ్మదిగా అంది.

"కిందకి సూడకు మావా. నా మొకం సూడు."

"ఒలే, నువ్వెందుకెక్కినావే?"

"ఆవేల కూడా ఈ మెట్టు కాడే ఆగిపోనావు."

నీలకంఠం కళ్ళు తిప్పి ఆవిడ మొహం చూశాడు. "నువ్వు... సూసినావా?" అన్నాడు.

"నువ్వు షూటింగు కాడ ఉండిపోనావని క్యారేజీ అట్టుకొచ్చినాను గదా. నువ్వు పంపు హౌసు ఎనకాల పడున్నావు. నీ మొకాన నీల్లు జల్లినా లేవలేదు. అక్కడ డైరెక్టరు తల బాదుకుంతన్నాడు, మనిసి దొరకలేదనీసి. పలక కింద గడ్డి కుప్పేసున్నారు. మా ఊరి కల్లంలో గడ్డిమేటు మీంచి దూకడం నాకు సిన్నప్పటాటే. కరీం బాబాయి ఇంకో జత బట్టలు కురచ సేసి ఇచ్చినాడు. ముసుగేసుకుని దూకీసినాను, డైరెక్టరు నువ్వే అనుకున్నాడు."

"మరి నాకెందుకు సెప్పలేదే, ఇన్నేల్లూ?"

"డైరెక్టరు నీ బుజం తడితే, ఎంత సంబరపడిపోనావో నీకు తెల్దు. ఆ సంబరం సూసినాక సెప్పబుద్ధి కాలేదు మావా."

ఒక్కో అడుగూ ఎక్కడ వెయ్యాలో చెబుతూ ఆయన్ను దించుకొచ్చింది. ఇన్నేళ్ళూ ఆవిడ ముందే ఆ కథ ఎన్నిసార్లు చెప్పాడో, ఆవిడ ఎన్నిసార్లు ఊఁ కొట్టిందో ఒక్కొక్కటీ గుర్తొచ్చి నీలకంఠానికి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. దానికన్నా ఎక్కువగా, ఆవిడ మీద ఎక్కడలేని ప్రేమా ముంచుకొచ్చింది. కింద జనం మాత్రం "పాపం, ఆడమనిసి కదా, బయపడి దించీసినాది" అని జాలిపడ్డారు.

అంతలో హాల్లోంచి సీరియల్ బాజాల మోత వినిపించింది. ప్లాంటు గేటు దగ్గర ఐడీ కార్డు కోసం వీరన్న జేబులో చెయ్యి పెడితే ఫ్యూజు చేతికొచ్చిందట. పరుగున వెనక్కొచ్చి బిగించేశాడు. జనం మళ్ళీ లోపలికి ఉరికారు. తెర మీద మిస్టర్ తుపాన్ పలక అంచున నిలబడ్డాడు. ఎర్ర గుడ్డ గాలికి ఎగిరింది. వీరుడు ఏ జంకూ లేకుండా కిందికి దూకాడు. సరిగ్గా పాదాలు పెద్దవిగా కనిపించిన చోట జావేద్ బొమ్మ ఆపాడు.

"ఇదే పెద్ద తప్పు. మిస్టర్ తుపాన్ బూట్లేసుకుని ఎక్కి, ఉత్తి కాల్లతో దూకినాడు. సరే, బూట్లు జారిపోయాయనుకుందాం. కానీ అంకుల్, వీరుడి కాల్లకి మెట్టెలెందుకున్నాయి?"

అందరూ నీలకంఠం వైపు తిరిగారు.

"అదా, ఆయనకేదో మొక్కుంది బాబూ!" అంది సన్యాసమ్మ గబుక్కున.

సగం హాలు తల ఊపింది. ఇంకో సగం ఊపడానికి సిద్ధంగా ఉంది. నీలకంఠం ఒక్క "అవును" అంటే చాలు, మిగతా జీవితమంతా వీరుడిగానే వెళ్ళిపోతుంది. ఆయన ఆ పాదాల వంక చూశాడు. పక్కన కూర్చున్న భార్య పాదాల వంక చూశాడు. కురచ ప్యాంటులోనే లేచి నిలబడ్డాడు.

"మొక్కూ నేదు, ముడుపూ నేదు. ఆ కాల్లు మా ఆవిడివి. ట్యాంకు మీంచి దూకింది మా సన్యాసమ్మ. నాను ఆవేల పంపు హౌసు ఎనకాల కల్లు తిరిగి పడున్నాను."

హేళన చేస్తారని తల వంచుకున్నాడు. ముందు ఆడవాళ్ళ వైపు నుంచి ఒక ఈల వినిపించింది. తర్వాత పిల్లలు "తుపాన్ మామ్మా!" అని అరిచారు. ఆపైన హాలు కప్పు ఎగిరిపోతుందేమో అన్నంత చప్పట్లు. జావేద్ రెండు చేతులూ పైకెత్తి "తప్పు కాదు, ఒప్పే!" అని ఒప్పేసుకున్నాడు. పోలిరాజు, ఎవరిని సన్మానించాలో తోచక, పూలదండతో అటూ ఇటూ తిరిగాడు. నీలకంఠం ఆయన్ను ఆగమని, కుర్చీ మీద పడున్న శాలువా రెండు చేతులా ఎత్తి, సన్యాసమ్మకు కప్పబోయాడు.

వరండాలో నిలబడి కిటికీ తెర సందులోంచి చూస్తున్న వీరన్న, శాలువా లేవగానే మళ్ళీ ఫ్యూజు పీకేశాడు.

ఆ చీకట్లోనే శాలువా కప్పడం అయింది, చప్పట్లూ అయ్యాయి. మేక సంగతి మాత్రం ఇప్పటికీ తేలలేదు.

సాయంత్రం ఆవకాయ జాడీ తిరిగి అటక మీద పెట్టాల్సి వచ్చింది. సన్యాసమ్మ స్టూలెక్కింది, నీలకంఠం గట్టిగా స్టూలు పట్టుకున్నాడు.